ఏడో చోటు: ఇంట గెలవని లెక్క

కిందటి వారం జట్టు లెక్కలు చూసే డెల్ఫిన్ ప్రూయిట్‌ను లిఫ్టులో వదిలిపెట్టాం. చెవి మీద పెన్సిలు, చంకలో లెక్కల అట్ట, ఆ అట్ట మీద ఆఖరి గడిలో అప్పుడే పెట్టిన ఆకుపచ్చ టిక్కు. ఆ టిక్కుకి అర్థం ఒక్కటే. పోర్ట్ హ్యాలోవే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఇవాళ ఓడినా సరే ప్లేఆఫ్స్‌కి, అంటే ఆఖరి పోటీలకి, వెళ్తుంది. లిఫ్టు దిగగానే ఆ మాట హెడ్ కోచ్ వెండెల్ స్ట్రేక్ చెవిన వేసింది. ఆయన ఒక్క తల ఊపు ఊపి, జట్టుకి ప్రాణంలాంటి డెజ్మండ్ హార్‌గ్రోవ్‌ను ఒక్క విడత ఆడించి కూర్చోబెట్టేశాడు. నూట పన్నెండు ఆటలు వరసగా మొదలుపెట్టిన మనిషి కాబట్టి ఆ లెక్క తెగకుండా మైదానంలోకి దింపడం, బంతి నాలుగుసార్లు విసిరించడం, ఆ తర్వాత భుజాన కోటు కప్పి బెంచీ మీద కూర్చోబెట్టడం. అది ఆ ఆటలో ఉన్న మర్యాదే.

డెల్ఫిన్ గుండెల మీది బరువు దిగిపోయింది. ఎందుకో పాత పాఠకులకి తెలుసు. శుక్రవారం నాడు హార్‌గ్రోవ్‌ను తన కారులో ఊరవతల, జట్టుతో సంబంధం లేని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది ఆమే. భుజం కీలు లోపల సగం తెగిందని, ఇంకొక్క గట్టి దెబ్బ తగిలితే ఆ చెయ్యి మళ్ళీ బంతి విసరదని ఆ డాక్టరు చెప్పాడు. "కోచ్‌కి చెప్పకండి మిస్ డెల్ఫిన్" అని హార్‌గ్రోవ్ అడిగాడు. చెప్పనని మాటిచ్చింది. జట్టుకీ, పత్రికలకీ తెలిసింది మాత్రం "కాస్త భుజం నొప్పి" అన్నంతవరకే.

ఇప్పుడు సగం ఆట అయిపోయింది. ప్రత్యర్థి గ్రాంట్‌మోర్ పదమూడు, హ్యాలోవే మూడు. హార్‌గ్రోవ్ బదులు దిగిన పీట్ లిండ్‌క్విస్ట్ పాపం నేల మీదే ఎక్కువసేపు గడిపాడు. సరస్సు మీంచి మంచుగాలి కొడుతోంది. డెల్ఫిన్‌కి ఒక్కటే వింతగా తోచింది. జనం అరవడం లేదు. అరవై వేలమంది ఉన్నిటోపీలు పెట్టుకుని కూర్చుని, ఎవరో పోయినట్టు మైదానం వంక చూస్తున్నారు. చలికి నోళ్ళు పెగలడం లేదేమోననుకుంది.

పై అంతస్తులో, సహాయ కోచ్‌లు కూర్చునే గదికి పక్కనే విలేకరుల భోజనాల బల్ల ఉంది. పదమూడు నిమిషాల విరామంలో డెల్ఫిన్ అక్కడికి వెళ్ళి ఒక కాఫీ తాగడం రివాజు. వరసలో ఆమె ముందు ఆగీ నొవోట్నీ నిలబడి మాంసం, చిక్కుళ్ళు వేసిన చిల్లీ కూర వడ్డించుకుంటున్నాడు. నలభై ఒక్క ఏళ్ళుగా హ్యాలోవే ఆటలు రేడియోలో చెబుతున్న ముసలాయన. గొంతు వింటే ఊళ్ళో కుక్కలు కూడా తోకాడిస్తాయి.

"ఏమ్మాయ్, కుర్రాడికి గట్టిగానే తగిలిందా?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

"తగలడమేంటి ఆగీ? ఏమీ తగల్లేదు. ఊరికే కూర్చోబెట్టాం."

"ఊరికేనా?"

"మరి? లోపలికి వచ్చేశాక ఇంకెందుకు వాణ్ణి అరగదీయడం?"

ఆగీ గరిటె ఆగింది. "ఎక్కడి లోపలికి?"

"ఏం మనిషివయ్యా నువ్వు! ప్లేఆఫ్స్‌లోకి. ఏడో చోటు మనదేగా. మధ్యాహ్నం ఆటలో సాండొవాల్ ఓడింది కదా."

"ఓడింది. మరి కెల్బీ గెలిచింది."

"గెలిస్తే గెలవనీ. మనం ఇవాళ ఓడితే ముగ్గురం సమానం, తొమ్మిదేసి గెలుపులు. కూటమి ఆటల్లో మనవి ఏడు, వాళ్ళిద్దరివీ ఆరేసి. మనమే పైన." ఇలా చెబుతూ డెల్ఫిన్ కప్పులో పాలు పోసుకుంది. లెక్కల టీచరుగా పదిహేనేళ్ళు పనిచేసిన మనిషి. తప్పు లెక్క బోర్డు మీద ఉంటే అటు చూడకుండానే పసిగట్టేది. ఇప్పుడు బోర్డు మీద రాసింది తనే.

ఆగీ చిల్లీ గిన్నె బల్ల మీద పెట్టాడు. ఒక కాగితపు రుమాలు తీసి, జేబులోంచి కలం తీసి, మూడు పేర్లు రాశాడు. హ్యాలోవే, కెల్బీ, సాండొవాల్. మొదటి రెండింటి చుట్టూ ఒక సున్నా చుట్టాడు.

"వీళ్ళిద్దరూ ఎక్కడివాళ్ళు?" బడిపిల్లని అడిగినట్టు అడిగాడు.

"ఒకే డివిజన్."

"ముగ్గురు సమానమైనప్పుడు అందులో ఇద్దరు ఒకే డివిజన్ వాళ్ళయితే మొట్టమొదట ఏం చెయ్యాలి?"

డెల్ఫిన్ ఆ రెండు పేర్ల వంక చూసింది. ఆ ప్రశ్న ఏటా కొత్తగా చేరిన కోచ్‌లని తనే అడుగుతుంది. తెల్లమొహం వేసినవాళ్ళని చూసి నవ్వుతుంది కూడా.

సంగతి ఇది. పదహారు జట్లు ఒక కూటమి. అందులో నాలుగేసి జట్లు కలిసి ఒక డివిజన్, మనం ఇల్లు అనుకుందాం. ఇంటికొకరు చొప్పున నలుగురు నేరుగా వెళ్తారు. మిగిలినవాళ్ళలో గెలుపులు ఎక్కువున్న ముగ్గురికి ఐదు, ఆరు, ఏడో చోట్లు. ఆ ఏడో చోటుకి ముగ్గురు సమానంగా వస్తే ముగ్గుర్నీ ఒకేసారి తక్కెడలో వెయ్యకూడదు. ఒకే ఇంటివాళ్ళు ఇద్దరుంటే ముందు ఆ ఇంట్లోనే తేల్చుకోవాలి. నెగ్గినవాడొక్కడే గడప దాటి పక్కింటివాడితో పోటీకి వస్తాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఆ నిబంధన రాసిన పెద్దమనిషి మన సామెత విని ఉండడు గానీ, రాసింది మాత్రం అచ్చంగా అదే.

"కెల్బీతో మనం ఆడినవి రెండు. చెరొకటి గెలిచాం," అంది డెల్ఫిన్. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. "అప్పుడు చూసేది ఇంటి ఆటలే, అంటే డివిజన్‌లోవి, ఆరు. కెల్బీ నాలుగు గెలిచింది. మనం ఇవాళ ఓడితే..."

"మూడు."

"కెల్బీ మన మీద నెగ్గుతుంది. మనం గడప కూడా దాటం."

"ఆ కూటమిలో నీ ఏడు గెలుపులూ ఎవడూ చూడనే చూడడు అమ్మాయ్," అన్నాడు ఆగీ. చాలా మెల్లగా అన్నాడు. అంత మెల్లగా అనకపోతే బాగుండుననిపించింది ఆమెకి. "ఇవాళ గెలవకపోతే మనకి ఇంటిదారే. ఈ సంగతి ఊళ్ళో బార్లలో తాగి పడిపోయినవాళ్ళకి కూడా తెలుసు."

"మరి నాకెవరూ ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్తారు? కుర్రాడి భుజం బాగా లేదని నెల నుంచీ వింటున్నారు. కోచ్ కూర్చోబెట్టేసరికి భుజం పోయిందనుకున్నారు. నేనూ అదే అనుకుని గంటన్నర నుంచి రేడియోలో ఏడుస్తున్నాను. మీరు గెలవక్కర్లేదనుకుని కూర్చోబెట్టారని ఏ వెర్రివాడికి తోస్తుంది?"

జనం ఎందుకు అరవడం లేదో డెల్ఫిన్‌కి అప్పుడు అర్థమైంది. కాఫీ కప్పు తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

ఇలాంటి తప్పు ఆమె ఎలా చేసింది? మీరూ అడుగుతారు, అడగాలి కూడా. లీగు ప్రతి వారం ఎవరు ఎలా అయితే లోపలికి వస్తారో కాగితం పంపుతుంది. డెల్ఫిన్ ముందు దాన్ని ముట్టదు. తన లెక్క తను కట్టుకుని, తర్వాత దాంతో సరిచూసుకుంటుంది. పదకొండేళ్ళ నియమం. కెల్బీ ఈ ఆదివారం గెలుస్తుందని ఎవరూ అనుకోలేదు, అందుకని ఆ గడి ఒక్కటీ ఖాళీగా వదిలేసింది. మధ్యాహ్నం ఆట ఆఖరి క్షణంలో కెల్బీ గెలిచింది. ఆ గడి నింపడానికి ఆమెకి దొరికింది లిఫ్టులో అరనిమిషం. ఆ అరనిమిషంలో ఆమె కళ్ళ ముందున్నది అంకెలు కాదు. డాక్టరు గదిలో చొక్కా విప్పి, ఎడమ చేత్తో కుడిచేతిని మోస్తూ కూర్చున్న కుర్రాడు. వాడు కూర్చోవచ్చు అన్న జవాబు కావాలి ఆమెకి. కావలసిన జవాబు రాగానే పెన్సిలు ఆగిపోయింది. సరిచూసుకోలేదు.

"రెండో సగం మొదలవ్వగానే నేను మైకు ముందుండాలి," అన్నాడు ఆగీ. రుమాలు మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "వాడెందుకు కూర్చున్నాడు అన్నదొక్కటే జనం నన్ను అడిగేది. తెలిసింది దాచడం నాకు చేతకాదు. నలభై ఒక్క ఏళ్ళలో దాచలేదు. కానీ ఇది మీ కోచ్‌కి రేడియోలో తెలియకూడదమ్మా. నీ నోట తెలియాలి."

"ఎంతసేపుంది?"

"తొమ్మిది నిమిషాలు. వెళ్ళు."

లిఫ్టు దిగుతోంది. ఐదు అంతస్తులు. డెల్ఫిన్ అద్దంలో తన మొహం చూసుకుని తల తిప్పేసుకుంది.

చెప్పకపోతే? ఒక్కసారి అనిపించింది, అబద్ధమెందుకు. ఆగీ కాళ్ళు పట్టుకుంటే ఇంకో పావుగంట ఆగుతాడేమో. ఆలోపు గ్రాంట్‌మోర్ ఇంకో రెండుసార్లు బంతిని గీత దాటిస్తే ఇక హార్‌గ్రోవ్‌ను దింపి లాభం ఉండదు. వాళ్ళేం ఊరుకునే రకం కాదు. వాళ్ళకి మొదటి చోటు కావాలి. మొదటి చోటు దక్కితే ఒక వారం ఆడకుండానే గట్టెక్కచ్చు, పైగా ఆటలన్నీ సొంత ఊళ్ళోనే. కసిగా ఆడుతున్నారు. పావుగంట నోరు మూసుకుంటే చాలు, కుర్రాడి చెయ్యి మిగులుతుంది.

స్ట్రేక్ ఉద్యోగం మిగలదు. వరసగా మూడో ఏడు ప్లేఆఫ్స్‌కి వెళ్ళకపోతే వేరే కోచ్‌ను చూసుకుంటానని యజమాని అందరి ముందే అన్నాడు. తన ఉద్యోగం సంగతి ఎలాగూ అయిపోయింది. కానీ ఆమెని నిలబెట్టింది అవేవీ కావు. అట్ట మీది ఆకుపచ్చ టిక్కు. దాన్ని అలా ఉంచి ఇంటికి వెళ్ళలేనని ఆమెకి తెలుసు. తప్పు లెక్కని బోర్డు మీద వదిలేసి ఏనాడూ గంట కొట్టాక బయటికి రాలేదు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది.

వెండెల్ స్ట్రేక్ డ్రెస్సింగ్ రూమ్ బయట నడవాలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, తలుపంత వెడల్పు. చేతిలోని ఆట వ్యూహాల కాగితాన్ని నోటికి అడ్డం పెట్టుకోనిదే మాట్లాడడు. అవతలి జట్టువాళ్ళు పెదవులు చదివేస్తారని ముప్పై ఏళ్ళ కిందట పట్టుకున్న అలవాటు. ఇంట్లో ఉప్పు అందించమనడానికి కూడా నాప్‌కిన్ అడ్డం పెట్టుకుంటాడని ఆయన భార్యే చెబుతుంది.

"ఏంటి ప్రూయిట్, దిగొచ్చావ్?" అన్నాడు కాగితం చాటు నుంచి.

"కోచ్, నా లెక్క తప్పు."

"ఏ లెక్క?"

"ఏడో చోటు. ఓడితే మనం బయటికే. కెల్బీ మన డివిజన్ కదా, ముందు వాళ్ళతో తేలాలి. వాళ్ళతో తేలితే మనం పోతాం. గెలవాలి. లేదంటే కనీసం సమానంగా ముగియాలి. ఇంకో దారి లేదు."

ఒక్క గుక్కలో చెప్పేసింది. స్ట్రేక్ కళ్ళార్పకుండా చూశాడు. గోడ అవతల ఎవరో ఇనప అల్మరా తలుపు దభీమని వేశారు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన కాగితం నోటి మీంచి దిగింది.

"నువ్వు నాకు టిక్కు చూపించావు."

"చూపించాను."

"ఆకుపచ్చ టిక్కు. నేను రెండో ప్రశ్న వెయ్యలేదు."

"మీరెప్పుడూ వెయ్యరు కోచ్."

"ఎందుకు వెయ్యను? చెప్పు, ఎందుకు వెయ్యను?" గొంతు లేచింది. "మా ఆవిడ వండింది కూడా ముందు నాలిక్కి రాసుకుని చూశాకే తింటాను. మా అమ్మ మాటకి కూడా రసీదు అడిగేవాణ్ణి. పదకొండేళ్ళ నుంచీ నువ్వు ఏం పెడితే అది కళ్ళు మూసుకుని మింగాను. గంటన్నర! గంటన్నర నుంచీ ఆ పీట్ గాణ్ణి గ్రాంట్‌మోర్ వాళ్ళు బట్టలు ఉతికినట్టు ఉతుకుతుంటే నేను చూయింగ్ గమ్ నములుతూ నిలబడ్డాను. నిలబడలేదూ? టీవీలో ఊరంతా చూసుంటారు, ఈ ముసలాడికి మతిపోయిందని!"

డెల్ఫిన్‌కి కళ్ళు మండుతున్నాయి గానీ ఏడిస్తే ఇంకో నిమిషం వృథా.

"పద్నాలుగో వారంలో మంచులో, ఆఖరిదైన నాలుగో ఎత్తుకి, బంతి అవతలికి తన్నేయకుండా ముందుకెళ్ళమన్నావ్. వెళ్ళాను. అందరూ తిట్టారు, గెలిచాం. సమానమైనప్పుడు ఎవరిది పైచెయ్యి అన్నది ఈ దేశంలో ఎవరికీ సరిగ్గా తెలియదు, నీకు తెలుసు. నీకెలా తప్పింది?"

"తొందరపడ్డాను."

"అబద్ధం. నువ్వు తొందరపడే మనిషివి కాదు. భోజనానికి కూడా ముహూర్తం చూసుకుంటావ్."

ఆయన అంత కోపంలో ఉన్నా ఆ మాటకి ఆమెకి నవ్వు రాబోయింది. "నాకు ఆ జవాబే కావాలనిపించింది కోచ్. వాడు కూర్చోవచ్చు అన్న జవాబు. అది రాగానే ఆగిపోయాను."

స్ట్రేక్ ఏదో అడగబోయాడు. అంతలో లోపల్నించి ఎవరో "ఆరు నిమిషాలు!" అని కేక పెట్టారు. ఆయన గోడకి చెయ్యి ఆనించి, తల దించుకుని, రెండు సార్లు గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. తల ఎత్తేసరికి కోపం పోయింది. అలసట మిగిలింది. అది చూడ్డం ఇంకా కష్టంగా ఉంది.

"నిన్ను ఉద్యోగంలోంచి తీసేది రేపు. ఇవాళ టైమ్ లేదు," అన్నాడు. "వెళ్ళి వాడికి నువ్వే చెప్పు. నీ మాట మీద కూర్చున్నాడు, నీ మాట మీదే లేవాలి. నేను వీళ్ళకి ఆడే తీరు మార్చి చెప్పాలి."

"సరే కోచ్."

"ఇంకో మాట ప్రూయిట్. ఇక ముందు నేనేం అడిగినా ఉన్నది చెప్పు. నాకు నచ్చేది కాదు. నీకు నచ్చేదీ కాదు. ఉన్నది. ఆ ఒక్క మాటా నాకు ఇచ్చి వెళ్ళు."

"ఉన్నదే చెప్తాను," అంది డెల్ఫిన్. ఆ మాట ఎంత బరువైనదో ఆమెకి అప్పటికింకా తెలియలేదు.

కట్లు కట్టే గదిలో హార్‌గ్రోవ్ ఎత్తు బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాడు. కుడి భుజం మీద మంచుసంచీ, దాని చుట్టూ ప్లాస్టిక్ చుట్ట. పక్కన హెల్మెట్. అల్మరా మీద పాత రేడియోలో ఏదో టైర్ల దుకాణం ప్రకటన. ఇంకెవరూ లేరు. అతను ఆమెని చూసి లేవబోయాడు. అలబామాలో అమ్మమ్మ పెంపకం, పెద్ద ఆడమనిషి గదిలోకి వస్తే కూర్చోనివ్వదు.

"కూర్చో నాన్నా, కూర్చో. నీకో సంగతి చెప్పాలి. నేను చాలా పెద్ద తప్పు చేశాను."

"తెలుసు మిస్ డెల్ఫిన్."

"ఏం తెలుసు? కోచ్ చెప్పాడా?"

"కాదు." అతను హెల్మెట్ మీది గీతని బొటనవేలితో రుద్దుతున్నాడు. "ముందే తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గదిలో లీగు పంపిన కాగితం గోడకి అంటించారు. మీరు చూడరు కదా దాన్ని. నేను చూశాను. కెల్బీ గెలిస్తే హ్యాలోవే ఓడకూడదని స్పష్టంగా ఉంది."

డెల్ఫిన్ వెనక తలుపు మూసింది. "మరి ఇందాక కోచ్ నిన్ను..."

"ఇందాక వచ్చి, 'ప్రూయిట్ లెక్క చూసింది, మనం లోపలున్నాం, నువ్వు కూర్చో' అన్నాడు. నోటిదాకా వచ్చింది, కాదు కోచ్, ఇంకోసారి చూడమనండి అని. మింగేశాను." తల ఎత్తలేదు. "మీరు పొరపాటు పడ్డారు. నాది పొరపాటు కాదు మిస్ డెల్ఫిన్. తెలిసే చేశాను. భయమేసింది."

ఆ పొడుగాటి మనిషి, ముప్పై రెండేళ్ళవాడు, మూడొందల పౌన్ల మనుషులు మీదికొస్తుంటే కదలకుండా నిలబడి బంతి విసిరేవాడు, ఆ మాట నేల వంక చూస్తూ అన్నాడు. "మా చంటిదాన్ని నెల నుంచీ ఎడమ చేత్తోనే ఎత్తుకుంటున్నాను. ఇవాళ ఏదో అయి ఈ చెయ్యి పోతే, ఆట సంగతి తర్వాత, దాని జుట్టు కూడా దువ్వలేను. అదే తిరుగుతోంది బుర్రలో. కోచ్ కూర్చోమనగానే దేవుడే పంపాడనుకున్నాను. తర్వాత పీట్ గాడు కింద పడ్డం మొదలుపెట్టాడు. పడ్డ ప్రతిసారీ లేచి నా వంక చూసి బొటనవేలెత్తుతున్నాడు, నాకు బాగాలేదనుకుని. నాకు, బాగాలేదని!"

డెల్ఫిన్ దగ్గరికి వెళ్ళి అతని తల మీద చెయ్యి వేసింది. తిట్టాలో, ఓదార్చాలో తెలియలేదు. ఇద్దరూ ఒకే అబద్ధాన్ని చెరో కొసా పట్టుకున్నారు. ఆమె తెలియక పట్టుకుంది, అతను తెలిసి పట్టుకున్నాడు. తేడా అంతే.

"కోచ్ నిన్ను లేవమంటున్నాడు," అంది చివరికి. "కానీ నువ్వు లేవక్కర్లేదు. ఉన్న సంగతి చెప్పేద్దాం. నేను పక్కనుంటాను."

"లేదు." హార్‌గ్రోవ్ ఒక్క గుంజుతో ప్లాస్టిక్ చుట్ట తెంపేశాడు. మంచుసంచీ నేల మీద పడి, ముక్కలు గది నిండా దొర్లాయి. "గంటన్నర కూర్చుని చూశాను. కూర్చోవడం ఎలా ఉంటుందో తెలిసింది. అది ఈ నొప్పి కన్నా పాడుగా ఉంది. నేను వెళ్తాను."

బల్ల దిగి, హెల్మెట్‌ని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాడు. ఎడమ చెయ్యి తల దాటింది. కుడి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అక్కడే ఆగింది. నుదుటి మీద చెమట పట్టింది. గదిలో మాత్రం నోటి ఆవిరి కనిపించేంత చలి.

"మంచు పెట్టడం వల్ల బిగుసుకుంది," అన్నాడు నవ్వబోతూ. "విసరడానికి ఈ ఎత్తు చాలు."

"చాలదు."

"చాలుతుంది."

"డెజ్మండ్, నేను పదకొండేళ్ళ నుంచీ నువ్వు విసిరిన ప్రతి బంతీ రాసుకున్నాను. చాలదు."

అతని మొహంలో నవ్వు పోయింది. హెల్మెట్ దించి ఎడమ చేతిలో పట్టుకున్నాడు. "కోచ్‌కి చెప్పనని మాటిచ్చారు మీరు. శుక్రవారం, కారులో. గుర్తుందా?"

"గుర్తుంది."

"ఆ మాట మీద ఉండండి. మీరు మాట తప్పరు కదా. ఇంకేం అడగను మిస్ డెల్ఫిన్, ఎప్పుడూ."

బయట నడవాలో బూట్ల మేకులు సిమెంటు మీద టకటకలాడుతున్నాయి. జట్టు మైదానానికి బయలుదేరింది. రేడియోలో టైర్ల ప్రకటన అయిపోయి, ఆ గొంతు వచ్చింది. "హ్యాలోవే జనమా, ఆగీని మాట్లాడుతున్నా. అందరూ నన్ను అడుగుతున్న ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. ముందు కాస్త కూర్చోండి."

తలుపు తెరుచుకుంది. స్ట్రేక్ గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో కాగితం ఉంది. నోటికి అడ్డం లేదు. నేల మీది మంచుముక్కలు చూశాడు, హార్‌గ్రోవ్ ఎడమ చేతిలోని హెల్మెట్ చూశాడు.

"భుజం ఎలా ఉంది?"

"బాగానే ఉంది కోచ్, నేను రెడీ," అన్నాడు హార్‌గ్రోవ్.

"నిన్ను అడగలేదు నేను." స్ట్రేక్ చూపు అప్పటికే డెల్ఫిన్ మీద ఉంది. "ప్రూయిట్, నిన్ను అడుగుతున్నా. రెండో ప్రశ్న. పదకొండేళ్ళలో మొదటిసారి. భుజం ఎలా ఉంది?"

శుక్రవారం ఇచ్చిన మాట ఒకటి, ఇందాక నడవాలో కోచ్‌కి ఇచ్చిన మాట ఒకటి. రెండూ ఒకే ఇంటివి. రెండిట్లో ఒక్కటే గడప దాటుతుంది.

డెల్ఫిన్ ఈసారి తొందరపడలేదు. హార్‌గ్రోవ్ చేతిలోంచి హెల్మెట్ మెల్లగా తీసుకుంది. దాన్ని రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుని, స్ట్రేక్ వైపు తిరిగి నోరు తెరిచింది.